నల్లరేగడి పెట్టే పరీక్ష

పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పొలాల్లో రెండు రకాల నేలలున్నాయి. ఒకటి ఎర్రచెల్క, ఇంకొకటి నల్లరేగడి. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఆ అంతర్జాతీయ సంస్థ 1972లో ఇక్కడ దిగడానికి ఒక కారణం ఒకే కంచె లోపల ఈ రెండూ దొరకడమే. నేలల శాస్త్రవేత్తలు వాటికి ఊళ్ల పేర్లే పెట్టారు. ఎర్రది పటాన్‌చెరు శ్రేణి, నల్లది కాసిరెడ్డిపల్లి శ్రేణి. ప్రపంచంలో ఏ మూల నేలల పుస్తకం తెరిచినా ఈ రెండు ఊళ్లు పలకరించే అవకాశం ఉంది.

మిరుగు వానలు రెండు పడ్డాక కాసిరెడ్డిపల్లి నేలలో పది అడుగులు నడిచి చూడండి. మూడో అడుగుకే చెప్పు కింద ఇంకో చెప్పు తయారవుతుంది. అయిదో అడుగుకి కాలు ఎత్తితే చెప్పు కిందే ఉండిపోతుంది. అదే నేల మే నెలలో గడ్డపారకు కూడా లొంగదు, బెత్తెడు వెడల్పున పగుళ్లు విచ్చి రాయిలా పడుంటుంది. ఈ గుణమంతా అందులోని బంకమట్టిది. మాంట్‌మొరిల్లొనైట్ అనే ఆ ఖనిజం పూతరేకుల్లా పొర మీద పొరగా ఉంటుంది. నీళ్లు ఆ పొరల మధ్యకు దూరితే రేకులు ఎడమవుతాయి, మట్టి ఉబ్బుతుంది, ఒకదాని మీద ఒకటి జారడం మొదలవుతుంది. ఎండితే మళ్లీ ముడుచుకుంటుంది.

ఈ అధ్యాయం మిలిటరీ లారీల గురించి. మరి మట్టితో ఎందుకు మొదలుపెట్టానంటే, దారి లేని చోట నడిచే బండిని తయారుచేసే ఇంజనీరుకు మొదటి ప్రశ్న ఇంజన్‌లో గుర్రాలెన్ని అన్నది కాదు. కింద నేల ఎంత బరువు ఓర్చుకుంటుంది అన్నది. పెద్ద ఇంజన్ ఉంటే ఎక్కడైనా దూసుకుపోవచ్చనుకోవడం సినిమాలు నేర్పిన పొరపాటు. దిగబడ్డ లారీలో యాక్సిలరేటర్ తొక్కితే ఏమవుతుందో ఏ డ్రైవర్ని అడిగినా చెబుతాడు: చక్రం తన గోతిని తానే తవ్వుకుంటుంది.

ఈ లెక్క మన రైతుకు ఎప్పుడో తెలుసు. పాతకాలం ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఉండేది. దాని వెడల్పు రెండు అంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు. బురదలో ఆ పట్టా 20 సెంటీమీటర్ల పొడవున నేలను తాకుతుందనుకుందాం. చక్రానికి 100 చదరపు సెంటీమీటర్లు. బండీ సరుకూ కలిపి ఒక టన్ను ఉంటే రెండు చక్రాల మీద చెరో 500 కిలోలు. చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. తడి రేగడి దీన్ని మోయలేదు. అందుకే గాలి టైర్లు వేసిన బండ్లు వచ్చినప్పుడు రైతులు ఎగబడి కొన్నారు. ఎడ్లకు లాగడం తేలికైంది, బండి ఎక్కువ మోసింది.

ఇప్పుడు అదే లెక్కను పటాన్‌చెరు నుంచి కొద్ది దూరంలో ఉన్న ఎద్దుమైలారం తీసుకుపోదాం. అక్కడి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీని చుట్టుపక్కల వాళ్లు ఓడీఎఫ్ అంటారు. ఇందిరా గాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికై ప్రధానిగా ఉన్న రోజుల్లో, 1984లో వచ్చింది. జిల్లా చీలి సంగారెడ్డి అయినా ఫ్యాక్టరీ పేరులో మెదక్ అలాగే ఉండిపోయింది. 2008లో ఐఐటీ హైదరాబాద్ తరగతులు మొదలైంది కూడా ఈ ఆవరణలోనే. కందిలో సొంత భవనాలు వచ్చేదాకా ఆ పిల్లలు సాయుధ వాహనాల పొరుగున చదువుకున్నారు.

ఓడీఎఫ్‌లో తయారయ్యే ముఖ్యమైన బండి సారథ్. రష్యన్ల బీఎంపీ-2కు మన పేరు. చూసినవాళ్లు ట్యాంకు అంటారు గానీ ట్యాంకు కాదు, సిపాయిలను లోపల కూర్చోబెట్టుకుని యుద్ధభూమికి తీసుకుపోయే బండి. బరువు 14 టన్నుల పైచిలుకు. చక్రాల కింద గొలుసు పట్టా, మన వాడుకలో చైను. ఒక్కో చైను వెడల్పు 30 సెంటీమీటర్లు, నేలను తాకే పొడవు మూడున్నర మీటర్ల పైన. రెండు చైన్లూ కలిపి 21,000 చదరపు సెంటీమీటర్లకు పైనే. 14,300 కిలోలను దానితో భాగిస్తే 0.65 కిలోలకు అటూ ఇటూ వస్తుంది. టన్ను బరువున్న ఎడ్లబండి నేలను ఎంత గట్టిగా నొక్కుతుందో, 14 టన్నుల ఉక్కు బండి అందులో ఏడో వంతో ఎనిమిదో వంతో నొక్కుతుంది. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే అతని పాదం కింద ఒత్తిడి 0.35 దాకా ఉంటుంది. అంటే సారథ్ నేలకు ఇద్దరు మనుషులంత బరువు మాత్రమే. నాకు ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు ఎక్కడో సున్నా తప్పిపోయిందనిపించింది. రెండోసారి చేసినా అంతే వచ్చింది.

పట్టు సంగతి వేరే ఉంది. బండి దిగబడకపోవడం ఒకటి, ముందుకు కదలడం మరొకటి. చక్రం నేలను వెనక్కి తోస్తేనే బండి ముందుకు పోతుంది, ఆ తోపుకు మట్టి తెగిపోకుండా నిలవాలి. బంకమట్టి బలం దాని జిగటలో ఉంది, కాబట్టి ఎంత ఎక్కువ వైశాల్యాన్ని పట్టుకుంటే అంత పట్టు. ఇసుకకు జిగట లేదు, రేణువుల మధ్య రాపిడి మాత్రమే. అక్కడ పైన బరువు ఎక్కువైతే పట్టు పెరుగుతుంది. రేగడిలో బాగా నడిచిన బండి థార్ ఎడారిలో తడబడటానికి, అక్కడ నడిచింది ఇక్కడ కూరుకుపోవడానికి కారణం ఇదే. ఈ విషయాలను శాస్త్రంగా కూర్చినవాడు పోలండ్‌లో పుట్టి అమెరికా చేరిన మెచిస్లావ్ బెక్కర్. 1956లో నేల మీద నడక గురించి పుస్తకం రాశాడు. అదే మనిషి తర్వాత చంద్రుడి మీద 1971లో తిరిగిన రోవర్ బండి చక్రాల పనిలోనూ ఉన్నాడు. బురద చదువు చంద్రధూళికి పనికొచ్చింది.

చైనుకు ఇంత సుఖముంటే సైన్యం లారీలన్నిటికీ చైన్లే వేయొచ్చు కదా? వరినాట్ల కాలంలో మన ఊళ్ల రోడ్లు చూస్తే జవాబు దొరుకుతుంది. దమ్ము చేసే ట్రాక్టర్లకు కేజ్‌వీల్స్ బిగిస్తారు. మడిలో అవి బ్రహ్మాండంగా నడుస్తాయి. ఆ ట్రాక్టరు అలాగే తారు రోడ్డెక్కితే రోడ్డు దున్నేసినట్టవుతుంది. కేజ్‌వీల్స్‌తో రోడ్డెక్కితే జరిమానా అని అధికారులు ఏటా చాటింపు వేయిస్తూనే ఉంటారు, ఏటా రోడ్లు పాడవుతూనే ఉంటాయి. చైనుదీ అదే కథ. రోడ్డును తింటుంది, తానూ అరుగుతుంది, డీజిల్ తాగుతుంది, చప్పుడు చేస్తుంది. రోజుకు 400 కిలోమీటర్లు రోడ్డు మీద పోయి, చివరి 20 కిలోమీటర్లు దారి లేని చోట నడవాల్సిన బండికి చక్రాలే కావాలి.

అలాంటి బండ్లలో మన సైన్యంతో ఎక్కువ కాలం కాపురం చేసింది టాట్రా. చెక్ దేశంలో కొప్రివ్నిత్సె అనే ఊళ్లో గుర్రబ్బండ్లు చేసే కార్ఖానాగా మొదలైన కంపెనీ అది. ఎనిమిది చక్రాల టాట్రా సరుకుతో కలిపి 28 టన్నులు ఉందనుకోండి. చక్రానికి మూడున్నర టన్నులు. రోడ్డు మీద టైర్లో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల గాలి ఉంటే నేల మీద ఒత్తిడీ దాదాపు అంతే ఉంటుంది, తాకే చోటు 700 చదరపు సెంటీమీటర్లు. గాలి 2 కిలోలకు దించితే టైరు చప్పబడి 1,750 చదరపు సెంటీమీటర్లు పరుచుకుంటుంది. ఒంటె కాలు ఇసుకలో చేసేది ఇదే. పంక్చర్ షాపులో అయితే ఇది అరగంట పని. ఇలాంటి బండ్లలో డ్రైవరు కూర్చున్న చోటు నుంచే, నడుస్తుండగానే గాలి తీయొచ్చు, ఎక్కించొచ్చు. కంప్రెసర్ నుంచి ఇరుసు లోపలి గుండా ప్రతి టైరుకూ గొట్టం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ల డక్ అనే నీళ్లలోనూ నేల మీదా నడిచే లారీకి మొదట ఈ ఏర్పాటు పెట్టారు. సముద్రంలోంచి నేరుగా ఇసుక తీరం ఎక్కాల్సిన బండి అది.

చక్రాలు పెంచి బరువు పంచడం ఎలా ఉంటుందో చూడటానికి మిలిటరీ దాకా పోనక్కర్లేదు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ నుంచి టర్బైన్లలాంటి భారీ యంత్రాలు బయల్దేరే రోజు ముంబై రహదారి పక్కన నిలబడితే చాలు. ముందొక పుల్లర్, వెనక వరసలు వరసలుగా చక్రాలున్న ట్రైలర్, దాని మీద టార్పాలిన్ కప్పుకున్న సరుకు. జెర్రిలా నడుస్తుంది. తేడా ఒకటే: అది గతుకును తట్టుకోలేదు, నున్నటి రోడ్డుంటేనే కదులుతుంది.

గతుకు దగ్గరే టాట్రా తెలివి బయటపడుతుంది. మామూలు లారీకి నిచ్చెన లాంటి ఛాసిస్, దాని కింద కమాన్ కట్టలు, వాటికి ఈ చివర నుంచి ఆ చివరకు గట్టి ఇరుసు. ఎడమ చక్రం బండ ఎక్కితే ఇరుసు మొత్తం వాలుతుంది, ఛాసిస్ మెలి తిరుగుతుంది, కుడి చక్రం గాల్లో తేలొచ్చు. గాల్లో తేలిన చక్రంతో ఇంకో ముప్పుంది. వెనక హౌసింగ్‌లో ఉండే డిఫరెన్షియల్ రెండు వైపులకూ సమానమైన తోపు ఇస్తుంది. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే దానికి తోపు దాదాపు అక్కర్లేదు కాబట్టి గట్టినేల మీదున్న చక్రానికీ దాదాపు ఏమీ అందదు. ఒక కాలు జారిందని రెండో కాలు కూడా పని మానేసినట్టు. అందుకే ఈ బండ్లలో డిఫరెన్షియల్‌కు తాళం ఉంటుంది. తాళం వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరగాల్సిందే. తారు రోడ్డు మలుపులో ఆ తాళం తీయడం మరిచిపోతే టైర్లు కీచుమంటాయి, గేరు పళ్లు విరుగుతాయి.

హాన్స్ లెడ్వింకా అనే ఇంజనీరు 1923లో టాట్రా 11 అనే చిన్న కారు కోసం నిచ్చెనను తీసేసి మధ్యలో ఒక లావుపాటి ఉక్కు గొట్టం పెట్టాడు. బండికి అదే వెన్నెముక. చక్రాలను తిప్పే షాఫ్టు ఆ గొట్టం లోపలే పోతుంది, కాబట్టి రాళ్లు తగలవు, బురద చేరదు. గొట్టానికి అటొకటీ ఇటొకటీ సగం ఇరుసులు రెక్కల్లా ఆడుతుంటాయి. ఏ చక్రం ఎత్తు దానిదే. గొట్టం మెలి తిరగదు కాబట్టి పైన మోసే సరుకూ మెలి తిరగదు. కారు కోసం పుట్టిన ఈ ఊహ కార్లలో నిలవలేదు, లారీల్లో వందేళ్లుగా నడుస్తోంది. ఇంకో సెక్షన్ కావాలంటే గొట్టానికి ఇంకో గొట్టం బిగించి, ఇంకో జత రెక్కలు తగిలించడమే. నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు చక్రాల బండ్లు ఒకే కుటుంబంలో పుట్టడానికి మూలం ఇదే.

ఇంజన్ సంగతి క్లుప్తంగా. టాట్రా 815 రకంలోని పెద్ద ఇంజన్‌లో పన్నెండు సిలిండర్లు, 19 లీటర్ల పరిమాణం. చల్లబరిచేది నీళ్లు కాదు, ఫ్యాను గాలి. రేడియేటరే లేదు. ఎడారిలో నీళ్లు మరగవు, లదాఖ్‌లో నీళ్లు గడ్డకట్టవు, ఎందుకంటే అసలు నీళ్లే లేవు. ఇలాంటి బండ్లతోనే చెక్ డ్రైవరు కారెల్ లోప్రైస్ డకార్ ర్యాలీని లారీల విభాగంలో ఆరుసార్లు గెలిచాడు, మొదటిది 1988లో.

మన దేశానికి టాట్రాలు 1986 ఒప్పందంతో బీఈఎంఎల్ ద్వారా వచ్చాయి. వేల సంఖ్యలో వచ్చాయి. అయితే వచ్చినవాటికి స్టీరింగు ఎడమ పక్కనే ఉండేది. ఎడమ పక్క నడిచే దేశంలో, ఎదురుగా వచ్చే బండి కనబడని సీట్లో కూర్చుని, 28 టన్నులతో ఓవర్‌టేక్ చేయాల్సిన సిపాయిని తలుచుకుంటే జాలేస్తుంది. నేలను ఇంత శ్రద్ధగా చదివిన బండి మన రోడ్డును మాత్రం చదవలేదు. 2012లో అప్పటి సైన్యాధిపతి జనరల్ వి.కె. సింగ్ లారీల కొనుగోలు విషయంలో తనకు లంచం ఇవ్వజూపారని చెప్పినప్పుడు దేశమంతా ఈ పేరు మోగింది. అప్పటిదాకా రిపబ్లిక్ డే కవాతులో జనం చూసింది పైనున్న క్షిపణినే, కింద ఉన్న లారీని ఎవరూ అడగలేదు.

ఆ క్షిపణుల్లో మొదటిది పృథ్వీ. హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకుని 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోటలో ఎగిరింది. నాలుగు టన్నుల పైన బరువు, తొలి రకానికి 150 కిలోమీటర్ల దూరం. దాన్ని పడుకోబెట్టి మోసి, చోటు చేరాక నిలబెట్టి వదిలేది ఎనిమిది చక్రాల టాట్రా. పృథ్వీది ద్రవ ఇంధనం, దానికి తోడు మండించే నైట్రిక్ ఆమ్లం. కాబట్టి ఒక్క లారీతో పనవదు. ఇంధనం మోసే ట్యాంకర్లు, క్షిపణిని ఎత్తిపెట్టే క్రేన్ బండి, ఆజ్ఞలిచ్చే గది ఉన్న బండి, అన్నీ వెంట ఉండాలి. ఇలాంటి బలగంలో ఒక్క బండి దిగబడినా అన్నీ ఆగుతాయి.

పినాక కథ ఇంకోలా ఉంటుంది. ఒక టాట్రా మీద 12 రాకెట్లు, 44 సెకన్లలో అన్నీ వెళ్లిపోతాయి. తొలి రకం 38 కిలోమీటర్ల దాకా పోతుంది. 1999 కార్గిల్‌లో వాడారు. వదిలే ముందు లారీ నాలుగు ఇనుప కాళ్లు దించుకుని నిలబడుతుంది. దారి పొడుగునా మెత్తగా ఆడిన రెక్కలూ టైర్లూ అప్పుడు పనికిరావు. ఊగే మంచం మీద నిలబడి గురి చూడలేం. గురి ఒక్క డిగ్రీ పక్కకు తప్పితే 38 కిలోమీటర్ల దగ్గర 660 మీటర్ల తేడా వస్తుంది. బ్రహ్మోస్‌ను భూమి మీద మోసే టాట్రాకు పన్నెండు చక్రాలు, వీపున మూడు క్షిపణులు.

నాకు మాత్రం వీటన్నిటి కన్నా వంతెన లారీ ఇష్టం. పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల చేసిన సర్వత్రలో ఒక్కో టాట్రా 15 మీటర్ల వంతెన ముక్కను కత్తెరలా మడిచి మోస్తుంది. వాగు ఒడ్డున వెనక్కి తిరిగి, ముక్కను విప్పి దించుతుంది. అయిదు లారీలు ఒకదాని తర్వాత ఒకటి దించితే 75 మీటర్ల వంతెన, దాని మీద ట్యాంకులు దాటతాయి. యుద్ధం లేని రోజుల్లో వరదలొచ్చి వంతెనలు కొట్టుకుపోయిన ఊళ్లకు ఇలాంటి పరికరాలే దిక్కు. లారీ తానుగా కూడా 1.4 మీటర్ల లోతు నీళ్లలో నడవగలదు. మంజీర వాగులకు అది చాలా రోజుల్లో సరిపోతుంది, వరద ఉరవడి మీద ఉన్న రోజు సరిపోదు. ప్రవాహం తోపును లోతు లెక్క చెప్పదు.

మళ్లీ ఎద్దుమైలారం వద్దాం. అక్కడ చైన్ల బండ్లే కాదు, చక్రాల బండీ తయారైంది. మందుపాతరలను తట్టుకునే ఆదిత్య. ఈ ఊహ ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో 1970లలో పుట్టింది. అక్కడి కాస్పిర్ అనే బండి పేరు పోలీసు శాఖ పొడి అక్షరాలనూ పరిశోధన మండలి పొడి అక్షరాలనూ కలగలిపి అల్లింది. మామూలు జీపుకు అడుగు బల్లపరుపుగా ఉంటుంది, పేలుడు నేరుగా వచ్చి దాన్ని కొడుతుంది. దీని అడుగు పెంకుటింటి కప్పును తలకిందులు చేసినట్టుంటుంది. వానను కప్పు రెండు పక్కలకూ జార్చినట్టు ఇది పేలుడు గాలిని రెండు పక్కలకూ చీలుస్తుంది. నేల నుంచి ఎత్తులో ఉండటం కూడా అందుకే, దూరం పెరిగితే పేలుడు దెబ్బ వేగంగా తగ్గుతుంది. చక్రాలు ఊడి ఎగిరిపోతాయి, పోనివ్వాలి. లోపల మనుషులు బెల్టులు పెట్టుకుని ఉంటే బతుకుతారు.

అయితే ఏ బండికైనా ఒక హద్దుంటుంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో ఇలాంటి మందుపాతర రక్షణ బండి ఒకటి భారీ పేలుడులో చిక్కి ఇరవై మందికి పైగా సీఆర్‌పీఎఫ్, పోలీసు సిబ్బంది చనిపోయారు. లోపల ఉన్నామన్న ధైర్యంతో అందరూ ఒకే బండి ఎక్కడం, ఆ బండి ఎప్పుడూ అదే రోడ్డున పోవడం ఉక్కు పలకలు సరిదిద్దగల పొరపాట్లు కావు. ఎత్తుగా ఉండటం వల్ల ఈ బండి మలుపుల్లో తేలిగ్గా బోల్తా పడుతుంది కూడా. పేలుడు నుంచి దూరం ఇచ్చిన ఎత్తే ఘాట్ రోడ్డులో అపాయం.

సారథ్ కూడా ఒక్క పనికే పరిమితం కాలేదు. అదే ఒంటి మీద అంబులెన్సు వచ్చింది, మోర్టారు బండి వచ్చింది, అణు, రసాయన విషాలను పసిగట్టే బండి వచ్చింది, నాగ్ క్షిపణి మోసే నమికా వచ్చింది. సారథ్ పేల్చే కొంకర్స్ ట్యాంకు విధ్వంసక క్షిపణి పటాన్‌చెరు పక్కన భానూరు బీడీఎల్‌లో తయారవుతుంది. బండి ఒక ఊరిది, బాణం పక్క ఊరిది. సారథ్‌కు ఈత కూడా వచ్చు. తన బరువుకు సరిపడా నీళ్లను పక్కకు తోసేంత డబ్బా ఆకారం ఉంది కాబట్టి 14 టన్నులూ తేలుతాయి, చైన్లు తెడ్లలా తిరిగి గంటకు 7 కిలోమీటర్లు తీసుకుపోతాయి. 2021 అక్టోబర్ నుంచి ఈ ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అనే కొత్త సంస్థ కిందకు వచ్చింది. ఊళ్లో పేరు ఇప్పటికీ ఓడీఎఫే.

సారథ్ రేగడిని మనిషి అడుగుకు రెండింతల ఒత్తిడితోనే తొక్కుతుంది, వాగు ఈదుతుంది, గోడ ఎక్కుతుంది. కానీ ఎద్దుమైలారం నుంచి దూరాన ఉన్న దండుకు చేరాల్సి వచ్చినప్పుడు ఇలాంటి చైన్ల బండ్లు తమ కాళ్ల మీద నడిచి పోవు. రైలెక్కి పోతాయి, లేదా రబ్బరు టైర్ల ట్రైలరెక్కి పోతాయి.